సెంట్రింగ్ తీసే వేళ: కరిగిపోయే స్టెంటు వేసిన ఒక రోగి ఎనిమిదేళ్ళ కేసు

2014లో నేను ఒక రోగి గుండె రక్తనాళంలో కరిగిపోయే స్టెంటు (పూడిక తెరిచాక నాళం మళ్ళీ మూసుకుపోకుండా లోపల నిలబెట్టే జాలీ గొట్టం) వేశాను. 2022 వరకు ఆయన్ను వదలకుండా చూస్తూ వచ్చాను, ఆ నాళాన్ని రెండుసార్లు లోపలినుంచి కొలిచే అవకాశం కూడా దొరికింది. సరిగ్గా ఆ ఎనిమిదేళ్ళలోనే ఈ తరహా స్టెంట్ల మీద ప్రపంచమంతటా ఆశలు పెరగడం, వాటి ఫలితాలు తారుమారు కావడం, ప్రధానమైన పరికరం అమ్మకాలు ఆగిపోవడం, దాన్నుంచి నేర్చుకున్న పాఠాలతో కొత్తవి తయారు కావడం అన్నీ జరిగాయి. ఒక్క రోగి అనుభవంతో ఏ పరికరాన్నీ తూచలేం. అయితే వందల మంది రోగుల మీద చేసే పెద్ద పరీక్షల్లో అంకెలుగా కనిపించిన ప్రతి ప్రశ్నా ఈ ఒక్క నాళంలో నాకు కళ్ళెదుట కనిపించింది కాబట్టి, రోగి అనుమతితో, గుర్తుపట్టే వివరాలు తొలగించి దీన్ని రాస్తున్నాను.

రోగి, ఆయన అడిగిన ప్రశ్న

అప్పటికి ఆయన వయసు 41. హైదరాబాద్ శివార్లలో ఇళ్ళు కట్టించే చిన్న కాంట్రాక్టరు, సొంత ఊరు సూర్యాపేట వైపు. రెండో అంతస్తుకు మెట్లెక్కుతుంటే ఛాతీ మధ్యలో పట్టేసినట్టు అవుతోందని, రెండు నిమిషాలు నిలబడితే తగ్గిపోతోందని చెప్పారు. ఇరవయ్యేళ్ళ నుంచి సిగరెట్టు అలవాటుంది. తండ్రి 52వ ఏట గుండెపోటుతో పోయారు. మధుమేహం లేదు, చెడు కొలెస్ట్రాల్ 162 ఉంది. ట్రెడ్‌మిల్ మీద ఆరో నిమిషానికే ఈసీజీ మారింది. యాంజియోగ్రామ్ చేస్తే, గుండె ముందు గోడకు రక్తం తీసుకెళ్ళే ఎల్ఏడీ నాళం మధ్యభాగంలో ఒక పూడిక కనిపించింది. కంటి అంచనాకు 80 శాతం, పొడవు సుమారు 14 మిల్లీమీటర్లు. మిగతా రెండు నాళాల్లో గోడలు అక్కడక్కడ గరుకుబారాయి తప్ప రక్తానికి అడ్డంకి లేదు.

ఆయనకూ, వెంట వచ్చిన అన్నగారికీ స్టెంటు గురించి వివరిస్తున్నప్పుడు ఆయన ఒకటే అడిగారు: “లోపల ఏసిన లోహం చచ్చేదాకా అట్లనే ఉంటదా సార్?” ఉంటుందని చెప్పాను. కొన్ని నెలల్లో పలుచని పొర పెరిగి దాన్ని కప్పేస్తుందనీ, ఎక్కువమందికి దానివల్ల జీవితాంతం ఏ ఇబ్బందీ రాదనీ చెప్పాను. తర్వాత, రెండు మూడేళ్ళలో కరిగిపోయే రకం కూడా ఉందని, దాని ధర ఎక్కువనీ, దాని గురించి మాకు తెలిసింది ఇంకా తక్కువేననీ చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, “స్లాబుకు సెంట్రింగ్ కొడ్తం, స్లాబు గట్టిపడినంక ఊడదీస్తం. ఇది గా లెక్కనేనా?” అన్నారు.

అంతకన్నా సరైన పోలిక నేను చెప్పలేకపోయేవాణ్ణి. ఈ పరికరాన్ని తయారుచేసినవాళ్ళు కూడా దాన్ని స్టెంటు అనకుండా స్కాఫోల్డ్ అని పిలవడం వెనక ఉన్నది ఆ ఆలోచనే. సెంట్రింగ్ పనిచేసే మేస్త్రీకి తెలిసిన రెండు భయాలూ ఇందులోనూ ఉన్నాయి. తొందరపడి తీస్తే స్లాబు కూలుతుంది, తీయకుండా వదిలేస్తే చెక్క అక్కడే కుళ్ళి ఊడి పడుతుంది. ఈ కేసంతా ఆ రెండు భయాల మధ్యనే నడిచింది.

నాళానికి ఆసరా ఎన్నాళ్ళు కావాలి?

1977 సెప్టెంబరు 16న జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుయెంట్‌జిగ్ తొలిసారిగా గుండె నాళంలో బెలూను ఊది పూడికను తెరిచారు. ఆ రోజు నుంచీ వైద్యులను వేధించిన సమస్య, తెరిచిన నాళం తెరిచినట్టే ఉండకపోవడం. బెలూను తీసిన నిమిషాల్లోనే సాగిన గోడ వెనక్కి ముడుచుకోవచ్చు, చీలిన పొర రక్తానికి అడ్డం పడవచ్చు. తర్వాతి కొన్ని నెలల్లో గాయం మానే క్రమంలో గోడ కుంచించుకుపోవచ్చు, కణాలు అతిగా పెరిగి దారి మళ్ళీ మూసుకుపోవచ్చు. 1986లో టులూజ్‌లో జాక్ ప్యూయెల్, లొజాన్‌లో ఉల్రిచ్ సిగ్వర్ట్ లోహపు జాలీని నాళంలో నిలబెట్టడంతో మొదటి ప్రమాదాలు చాలావరకు తప్పాయి. 1994లో వెలువడిన బెనెస్టెంట్ పరీక్షలో మళ్ళీ మూసుకుపోయే రేటు బెలూనుతో 32 శాతం ఉంటే స్టెంటుతో 22 శాతానికి తగ్గింది. ఆ దశకంలోనే హైదరాబాద్‌లో అబ్దుల్ కలాం, డాక్టర్ సోమరాజు కలిసి కలాం–రాజు స్టెంటును తెచ్చారు. స్టెంటు ధర సామాన్యుడికి అందాలన్న పట్టుదల ఈ నగరంలో అప్పటినుంచీ ఉంది. 2003లో అమెరికాలో అనుమతి పొందిన సైఫర్ స్టెంటు, కణాల పెరుగుదలను ఆపే సిరోలిమస్ మందును పూతగా మోసుకొచ్చి, దారి మళ్ళీ మూసుకుపోయే సమస్యను కూడా బాగా తగ్గించింది.

వీటన్నిటిలో ఒక విషయం గమనించాలి. నాళానికి ఆసరా అవసరమైన కాలం చిన్నది: ముడుచుకోవడం, కుంచించుకోవడం మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో ముగిసే సంగతులు. ఆ తర్వాత లోహానికి అక్కడ పనిలేదు, అయినా ఉంటుంది. ఉన్నంతకాలం నాళం తన సహజమైన సాగుడునూ ముడుచుకునే గుణాన్నీ కోల్పోతుంది, లోహం చుట్టూ కొత్తగా కొవ్వు పేరుకోవచ్చు, ఏళ్ళ తర్వాత కూడా గడ్డ కట్టవచ్చు. 19 పరీక్షల్లోని 25,000 మందికి పైగా రోగుల వివరాలను కలిపి 2020లో ప్రచురించిన విశ్లేషణ చూపించినదేమంటే, మొదటి సంవత్సరం దాటాక కూడా స్టెంటుకు సంబంధించిన ఇబ్బందులు ఏడాదికి సుమారు 2 శాతం చొప్పున వస్తూనే ఉంటాయి. ఆధునికమైన స్టెంట్లలో సైతం ఆ రేటు ఆగలేదు. 41 ఏళ్ళ మనిషి ముందు ఇంకా నలభై ఏళ్ళు ఉన్నాయనుకుంటే ఈ 2 శాతం చిన్న లెక్క కాదు. పైగా ఎల్ఏడీ మధ్యభాగంలో లోహం ఉంటే, రేపు బైపాస్ అవసరమైనప్పుడు సర్జన్ కుట్టు వేసే చోటు తగ్గిపోతుంది. ఈ 2020 అంకె అప్పటికి లేకపోయినా, ఆయనకు కరిగే రకం సూచించడంలో నేను అప్పుడు వేసుకున్న లెక్క ఈ తరహాదే. ఈ లెక్కలో తప్పు లేదని ఇప్పటికీ అనుకుంటున్నాను. తప్పంతా, అప్పటి పరికరం ఈ లెక్కను నిజం చేయగలదని అనుకోవడంలో ఉంది.

కరగడం ఎలా జరుగుతుంది

కరిగే కుట్లు మనకు కొత్త కాదు, ఆపరేషన్ చేయించుకున్న ఇంట్లో అందరికీ తెలిసిన మాటే. స్టెంటుకు వాడిన పాలిలాక్టిక్ ఆమ్లం కూడా ఆ కుటుంబానికి చెందిన పదార్థమే. పొడుగాటి గొలుసులుగా ఉన్న లాక్టిక్ ఆమ్లపు అణువుల మధ్య లంకెలను శరీరంలోని నీరు ఒక్కొక్కటిగా తెంపుతుంది. చివరకు మిగిలే లాక్టిక్ ఆమ్లాన్ని, పరుగెత్తినప్పుడు కండరాల్లో పుట్టే లాక్టిక్ ఆమ్లాన్ని శరీరం వాడుకున్నట్టే వాడుకుని, బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా మార్చేస్తుంది. ఇక్కడ వైద్యుడు గుర్తుపెట్టుకోవలసింది వరుసక్రమం. మొదట గొలుసులు పొట్టివవుతాయి, అది బయటికి కనిపించదు. తర్వాత బలం తగ్గుతుంది. అన్నిటికన్నా చివరగా పదార్థం మాయమవుతుంది. అంటే బలం పోయి, పదార్థం మాత్రం మిగిలి ఉండే కాలం ఒకటి తప్పకుండా వస్తుంది, పైగా అది నెలలతో పోదు, ఏళ్ళు సాగుతుంది. ఆ కాలంలో స్టెంటు జాలీలోని పుల్లలు నాళపు గోడలో పూడుకుపోయి ఉంటే ముక్కలైనా నష్టం లేదు, పొర వాటిని పట్టి ఉంచుతుంది. గోడకు ఆనకుండా రక్తప్రవాహంలోకి పొడుచుకుని ఉంటే మాత్రం విరిగిన ముక్క రక్తంలో వేలాడుతుంది, దాని మీద గడ్డ కడుతుంది.

ఈ పదార్థంతో మనిషి గుండెలో తొలి స్టెంటును వేసినవారు జపాన్‌లోని హిదేయో తమాయ్ బృందం. కేజీ ఇగాకి రూపొందించిన ఆ స్టెంటును 15 మంది రోగుల్లో వేసి, ఆ ఫలితాలను 2000లో ప్రచురించారు. దాన్ని విప్పడానికి బెలూనులోకి సుమారు 80 డిగ్రీల వేడి ద్రవాన్ని పంపవలసి వచ్చేది. మందు పూత లేకపోయినా పదేళ్ళ తర్వాత ఆ స్టెంటు వేసిన రోగుల నాళాలు బాగానే ఉన్నాయన్న సంగతి, ఆ తర్వాత వచ్చిన హడావుడిలో తగినంత చర్చకు రాలేదని నాకు అనిపిస్తుంది.

అబ్బాట్ సంస్థ తెచ్చిన అబ్సార్బ్ ఈ మార్గంలో అతిపెద్ద ప్రయత్నం. 2006లో 30 మంది రోగులతో తొలి పరీక్ష మొదలైంది. మొదటి నమూనా ఆరు నెలల్లోపే కొంత కుంచించుకుపోవడంతో దాని అల్లికను, తయారీని మార్చి, బలం మరికొంతకాలం నిలిచేలా చేశారు. రెండేళ్ళ తర్వాత పుల్లలు మాయమవుతూ నాళం మందులకు స్పందించడం 2009లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చినప్పుడు మాలో చాలామందికి కలిగిన ఉత్సాహం నాకు ఇంకా గుర్తుంది. 2011లో యూరప్‌లో, 2012 చివర్లో మన దేశంలో అది మార్కెట్లోకి వచ్చింది.

నేను వేసిన రోజు

నా రోగికి వేసినది పాలిమర్ రకమే, అంటే పైన చెప్పిన పాలిలాక్టిక్ ఆమ్లపు గొలుసులతో చేసినది. ఎవరి తయారీ అన్నది ఈ కేసుకు ముఖ్యం కాదు, ఎందుకంటే ఆ రోజు దొర్లిన పొరపాటు నాది.

నాళం వ్యాసం 3 మిల్లీమీటర్లని యాంజియోగ్రామ్ చూసి కంటితో అంచనా వేశాను. 2.5 మిల్లీమీటర్ల బెలూనుతో పూడికను ముందుగా తెరిచి, 3 మిల్లీమీటర్ల వ్యాసం, 18 మిల్లీమీటర్ల పొడవు ఉన్న స్కాఫోల్డ్‌ను చేర్చాను. పాలిమర్‌ను లోహంలా ఒక్కసారిగా ఊదకూడదు, పెళుసుదనం వల్ల పగులుతుంది. ఒత్తిడిని రెండు అట్మాస్ఫియర్ల చొప్పున, మెట్టుకు ఐదు సెకన్లు ఆగుతూ పెంచాను. యాంజియోగ్రామ్‌లో ఫలితం నున్నగా, అందంగా కనిపించింది. ఈ పరికరం ఎక్స్‌రేకు కనబడదు, రెండు చివర్లా ఉన్న ప్లాటినం చుక్కలు తప్ప. అంటే నేను చూసి మురిసిపోతున్నది రక్తపు నీడను మాత్రమే. దాని వెనక ఉన్న జాలీ ఎలా కూర్చుందో అందులో తెలియదు. లోహపు స్టెంటు అయితే అక్కడితో కేసు ముగించి ఉండేవాణ్ణి, అలవాటు అలాంటిది.

ఆ రోజు ఓసీటీ చేశాం. కాంతితో నాళం లోపలినుంచి తీసే ఈ చిత్రంలో మైక్రాన్ల స్థాయి వివరం కనిపిస్తుంది. పాలిమర్ పుల్లలు గోడ మీద పేర్చిన చిన్న నల్ల పెట్టెల్లా కనబడతాయి. రెండు సంగతులు బయటపడ్డాయి. పూడిక మధ్యలో సుమారు పావు చుట్టు మేర సున్నం (కాల్షియం) పేరుకుని ఉంది, అక్కడ స్కాఫోల్డ్ పూర్తిగా విచ్చుకోలేదు, లోపలి వైశాల్యం 4.6 చదరపు మిల్లీమీటర్ల దగ్గరే ఆగింది. పై చివర నాళం అసలు వ్యాసం 3.3 మిల్లీమీటర్లు, అంటే నా కంటి అంచనా తక్కువైంది, అక్కడ కొన్ని పుల్లలు గోడకు ఆనకుండా గాలిలో నిలబడ్డాయి. ముందుగానే ఓసీటీతో కొలిచి, సున్నాన్ని గట్టి బెలూనుతో బాగా పగలగొట్టి, సరైన సైజు ఎంచుకుని ఉంటే ఈ రెండూ ఉండేవి కావు.

ఇప్పుడు సరిచేయాలి, అయితే పాలిమర్‌కు హద్దు ఉంది. దాని సైజు కన్నా అర మిల్లీమీటరుకు మించి సాగదీస్తే పుల్లలు విరుగుతాయి. 3.25 మిల్లీమీటర్ల గట్టి బెలూనును 18 అట్మాస్ఫియర్ల దాకా ఊది, మళ్ళీ ఓసీటీ చూశాం. ఇరుకు చోట వైశాల్యం 6.4కు పెరిగింది, పై చివర పుల్లలు గోడకు ఆనాయి, విరిగినది ఏదీ కనిపించలేదు. ఈ సవరణకు పట్టినది పన్నెండు నిమిషాలు. ఆ పన్నెండు నిమిషాల విలువ నాకు రెండేళ్ళ తర్వాత తెలిసింది.

అంకెలు మారిన కాలం

2015లో అబ్సార్బ్–3 పరీక్ష ఫలితాలు వచ్చాయి. 2,008 మంది రోగుల్లో, ఏడాది చివరికి చికిత్స చేసిన చోట వైఫల్యం అబ్సార్బ్‌తో 7.8 శాతం, జియన్స్ అనే లోహపు స్టెంటుతో 6.1 శాతం. ముందుగా పెట్టుకున్న గణాంక హద్దుల్లో ఉన్నందువల్ల కొత్త పరికరం పాతదానికి తీసిపోదని తేల్చారు, 2016 జులై 5న అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. కానీ ఆ పట్టికల్లోనే మరో వరుస ఉంది. ఏడాదిలోపు గడ్డకట్టడం అబ్సార్బ్‌లో 1.54 శాతం, లోహంలో 0.74 శాతం. నాళం 2.25 మిల్లీమీటర్ల కన్నా సన్నగా ఉన్నచోట ఈ తేడా మరీ పెరిగి 4.6 శాతం, 1.5 శాతంగా ఉంది.

2016 అక్టోబరులో వచ్చిన అబ్సార్బ్–2 మూడేళ్ళ ఫలితం నన్ను ఎక్కువ కలచింది. 501 మంది మీద చేసిన ఆ పరీక్ష అసలు ఉద్దేశం, కరిగిపోయాక నాళం మళ్ళీ సహజంగా స్పందిస్తుందని నిరూపించడం. నాళాన్ని సడలించే నైట్రేట్ మందు ఇచ్చాక నాళం విచ్చుకున్న మేర అబ్సార్బ్‌తో 0.047 మిల్లీమీటర్లు, లోహంతో 0.056. తేడా లేదు. మరుసటి సంవత్సరం నెదర్లాండ్స్‌లోని ఐడా పరీక్ష, 1,845 మంది రోగుల్లో, రెండేళ్ళకు గడ్డకట్టడం అబ్సార్బ్‌తో 3.5 శాతం, లోహంతో 0.9 శాతం అని చూపించింది. 2017 మార్చిలో ఎఫ్‌డీఏ వైద్యులకు హెచ్చరిక లేఖ రాసింది. సెప్టెంబరులో అబ్బాట్, అమ్మకాలు తక్కువగా ఉన్నాయన్న కారణం చూపి, ప్రపంచవ్యాప్తంగా అబ్సార్బ్ అమ్మకాన్ని నిలిపివేసింది. 2018 యూరప్ మార్గదర్శకాలు ఈ తరహా పరికరాలను పరిశోధనల బయట వాడవద్దన్నాయి.

ఎందుకిలా జరిగిందన్న ప్రశ్నకు నాకు కనిపించిన జవాబు పదార్థం బలహీనతతో మొదలవుతుంది. కోబాల్ట్–క్రోమియం మిశ్రమలోహంతో పోలిస్తే పాలిలాక్టిక్ ఆమ్లం కొన్ని పదుల రెట్లు మెత్తన. గోడను నిలబెట్టే బలం రావాలంటే పుల్లలు మందంగా ఉండక తప్పదు: జియన్స్ పుల్ల మందం 81 మైక్రాన్లయితే, అబ్సార్బ్‌ది పూతతో కలిపి 157. సన్నని నాళంలో రెండు వైపులా కలిపి వ్యాసంలో 0.3 మిల్లీమీటర్లు పుల్లలకే పోతుంది. పారే కాలువలో రాయి అడ్డం ఉంటే దాని వెనక సుడి తిరిగి చెత్త చేరినట్టే, మందమైన పుల్ల వెనక రక్తం నెమ్మదించి అక్కడ గడ్డకట్టించే ప్లేట్‌లెట్ కణాలు చేరతాయి. మందంగా ఉన్నదాన్ని పొర కప్పడానికీ ఎక్కువ కాలం పడుతుంది. కప్పకుండా మిగిలినది, లేదా మొదటి రోజే గోడకు ఆనకుండా ఉన్నది, రెండో ఏట, మూడో ఏట బలం పోయి విరిగినప్పుడు రక్తంలోకి వస్తుంది. ఆలస్యంగా గడ్డకట్టిన రోగుల నాళాల్లో ఓసీటీ చేసి చూసిన యూరప్ వైద్యులకు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించిన కారణం ఈ విరిగిన పుల్లలే.

వేసిన విధానం కూడా కారణమేనా? అవుననే అంటాను, కానీ సగమే. ముందు బాగా తెరవడం, సరైన సైజు ఎంచడం, తర్వాత గట్టి బెలూనుతో ఒత్తడం అన్న మూడు మెట్లను ప్రతి రోగిలో పాటించాలని మేమంతా ఆలస్యంగా నేర్చుకున్నాం. ఆ మెట్లు పాటిస్తూ, మరీ సన్నని నాళాలను వదిలేసిన అబ్సార్బ్–4 పరీక్షలో తేడా తగ్గినా పూర్తిగా పోలేదు. సవ్యంగా వేస్తేనే సవ్యంగా పనిచేసే పరికరం, అందరి చేతుల్లోనూ అన్ని రోజులూ పనిచేయవలసిన పరికరానికి సాటి రాదు. మన దేశంలో దీనికి ధర సంగతి తోడైంది. 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం స్టెంట్ల గరిష్ఠ ధరలు నిర్ణయించినప్పుడు మందు పూత ఉన్న లోహపు రకాన్నీ, కరిగే రకాన్నీ ఒకే గాటన కట్టి 29,600 రూపాయలు పెట్టింది. రోగికి అది మేలే. తయారీదారుకు మాత్రం కరిగే రకానికి అయ్యే అదనపు ఖర్చు రాబట్టుకునే దారి లేకుండా పోయింది.

మళ్ళీ రోగి దగ్గరికి

ఆయన ఏడాది పాటు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ అనే రెండు రక్తం పలుచన మందులు వాడి, 2015 నుంచి ఆస్పిరిన్ ఒక్కటే వాడుతూ వచ్చారు. సిగరెట్టు మానేశారు, చెడు కొలెస్ట్రాల్ 64కు దిగింది. అబ్సార్బ్–2 ఫలితం చదివిన వారంలోనే, ఇలాంటి స్కాఫోల్డ్ వేసిన మా రోగులందరినీ ఒక్కొక్కరిగా పిలిపించి ఈ సంగతి ముఖాముఖి చెప్పాం. ఆయన విన్నాక, “అంటే సెంట్రింగ్ చెక్క ఇంక లోపల్నే ఉన్నది, గట్టి మాత్రం లేదు. అంతేనా సార్?” అన్నారు. అంతే. రెండో ఏట నుంచి మూడో ఏట మధ్య ప్రమాదాన్ని ఆయన ఆ ఒక్క మాటలో పట్టుకున్నారు.

క్లోపిడోగ్రెల్‌ను మళ్ళీ మొదలుపెట్టాను. ఒకసారి ఆపిన మందును రెండేళ్ళు దాటాక తిరిగి ఇవ్వడానికి అప్పటికి పరీక్షల ఆధారం లేదు; అది నా నిర్ణయమని, దానివల్ల రక్తస్రావం ముప్పు కొంత పెరుగుతుందని చెప్పి, ఒప్పుకున్నాకే ఇచ్చాను. ఆయన విషయంలో నాకు ధైర్యం ఇచ్చినది మొదటి రోజు ఓసీటీ చిత్రాలు. పుల్లలన్నీ గోడకు ఆని ఉన్నాయని నా దగ్గర సాక్ష్యం ఉంది. అలా ఓసీటీ చేయకుండా వదిలేసిన రోగుల విషయంలో ఆ ధైర్యం లేదు, వాళ్ళ ఫోను వచ్చినప్పుడల్లా గుండె ఝల్లుమనేది. చిగుళ్ళ నుంచి అప్పుడప్పుడు రక్తం రావడం తప్ప ఆయనకు ఇబ్బంది కలగలేదు. నాలుగేళ్ళు నిండాక 2018లో ఆ మందు ఆపేశాను. 2019లో వెలువడిన అబ్సార్బ్–3 ఐదేళ్ళ ఫలితాల్లో, మూడేళ్ళు దాటాక అదనపు ప్రమాదం కనిపించకుండా పోయిందని తెలిసింది: మూడు నుంచి ఐదేళ్ళ మధ్య గడ్డకట్టడం అబ్సార్బ్‌తో 0.1 శాతం, లోహంతో 0.3 శాతం. కరిగిపోయేదాకా ప్రమాదం, కరిగాక ప్రయోజనం అన్న ఆలోచనకు అది తొలి గట్టి ఆధారం, అప్పటికి అమ్మకాలు ఆగి రెండేళ్ళయింది.

అదే ఏడాది ఆయన ఛాతీలో ఏదో బరువుగా ఉందని వచ్చారు. యాంజియోగ్రామ్ చేస్తే ఎల్ఏడీ బాగానే ఉంది. ఆయన అనుమతితో ఓసీటీ కూడా చేశాం. ఐదేళ్ళ క్రితం నల్ల పెట్టెలు వరుసగా పేర్చి ఉన్న చోట నున్నటి, సమానమైన పొర తప్ప ఏమీ లేదు. ఇరుకు చోట వైశాల్యం 6.1, దాదాపు మొదటి రోజున్నంతే. సున్నం, కొవ్వు ఉన్న భాగం మీద ఆ కొత్త పొర మందంగా కప్పి ఉంది. నైట్రేట్ ఇస్తే ఆ భాగం పైనా కిందా ఉన్న నాళంతో పాటు కొద్దిగా విచ్చుకుంది. ఎక్స్‌రేలో మాత్రం ప్లాటినం చుక్కలు, స్లాబులో మిగిలిన మేకుల్లా, ఉన్నచోటే ఉన్నాయి. చిత్రాలు ఆయనకు చూపించాను. చాలాసేపు చూశారు. ఆ రోజు నేను పొందిన ఆనందాన్ని దాచుకోను. కానీ ఒక్క నాళంలో జరిగినది వందమందిలో ఎంతమందికి జరుగుతుందో ఆ చిత్రం చెప్పదని విద్యార్థులకు అప్పుడే చెప్పాను.

తర్వాతి తరం

అబ్సార్బ్ వెనకడుగు తర్వాత పని ఆగలేదు, దిశ మారింది. పుల్లలు సన్నబడాలి, బలం తగ్గకూడదు. గుజరాత్‌లోని వాపి కేంద్రంగా ఉన్న మెరిల్ సంస్థ 100 మైక్రాన్ల పుల్లలతో, సిరోలిమస్ పూతతో మెరెస్–100ను తయారుచేసింది. దేశంలో 13 కేంద్రాల్లో 108 మంది రోగుల్లో చేసిన తొలి పరీక్షలో ఏడాదిలోపు గడ్డకట్టిన కేసు ఒక్కటీ లేదు. 108 మంది అన్నది భరోసాకు చాలని సంఖ్యే, అయినా మందం సమస్యను మన దేశపు ఇంజనీర్లు నేరుగా ఎదుర్కొన్న తీరు నాకు గర్వంగా ఉంది.

మరో దారి మెగ్నీషియం. లోహం కాబట్టి బలం ఎక్కువ, శరీరంలో తుప్పుపట్టి కరుగుతుంది కాబట్టి మిగలదు. బయోట్రానిక్ సంస్థ తొలి మెగ్నీషియం స్టెంటును 63 మంది రోగుల్లో పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. మందు పూత లేని ఆ స్టెంటు నాలుగు నెలల్లోనే కరిగిపోయింది, ఏడాదిలో సగానికి కొంచెం తక్కువమందికి మళ్ళీ చికిత్స చేయవలసి వచ్చింది. నా రోగి భాషలో చెప్పాలంటే, స్లాబు పచ్చిగా ఉండగానే సెంట్రింగ్ ఊడదీశారు. మందు పూతతో, నెమ్మదిగా కరిగేలా మార్చిన మాగ్మారిస్ 2016లో యూరప్‌లో వచ్చింది, దానికన్నా సన్నని పుల్లలున్న ఫ్రీసాల్వ్ 2024 ఫిబ్రవరిలో యూరప్ అనుమతి పొందింది. దాని తొలి పరీక్షలో 116 మంది రోగులున్నారు, ఏడాదికల్లా మెగ్నీషియం దాదాపు అంతా కరిగిపోయింది. పాలిమర్ మూడేళ్ళు తీసుకునే పని మెగ్నీషియం ఏడాదిలో ముగించడమే ఈ దారిలో నాకు నచ్చిన అంశం, ఎందుకంటే బలం పోయి పదార్థం మిగిలే ఆ ప్రమాదకరమైన మధ్యకాలం అంత కుదించుకుపోతుంది. పెద్ద పరీక్షల్లో సన్నని లోహపు స్టెంట్లకు ఎదురుగా ఇది నిలబడిందని తేలేదాకా మా యూనిట్‌లో మామూలు వాడకంలోకి తీసుకోను.

గుండెకు బయట మాత్రం కరిగే స్కాఫోల్డ్ ముందుగా తన చోటు సంపాదించుకుంది. మోకాలి కింద నాళాలు మూసుకుపోయి, కాలు తీసేయవలసిన స్థితికి చేరిన 261 మంది రోగుల్లో, బెలూను ఒక్కదానికన్నా కరిగే స్కాఫోల్డ్ మేలని 2023లో పరీక్ష తేల్చింది: కాలు తీసేయవలసి రావడం, నాళం మళ్ళీ మూసుకుపోవడం వంటివి లేకుండా ఏడాది గడిపినవారు స్కాఫోల్డ్‌తో 74 శాతం, బెలూనుతో 44 శాతం. 2024 ఏప్రిల్‌లో అమెరికా అనుమతి వచ్చింది. మోకాలి కింద లోహపు స్టెంటు సరిపడదు కాబట్టి అక్కడ పోటీ బెలూనుతోనే. మధుమేహంతో కాలి పుండ్లు మానక మా దగ్గరికి వచ్చే తెలుగు జిల్లాల రోగులను తలచుకుంటే, ఈ దారిలో అందరికన్నా ఎక్కువ మేలు పొందేది వాళ్ళేనేమో అనిపిస్తుంది.

2022లో

ఎనిమిదో ఏట ఆయనకు మళ్ళీ ఆయాసం మొదలైంది. ఈసారి కుడివైపు నాళంలో కొత్త పూడిక, 85 శాతం, చుట్టూ గట్టి సున్నం. ఎల్ఏడీలో పాత చోటు తేడా లేకుండా ఉంది. “ఇదివరకు ఏసినట్టిదే ఏయండి సార్” అన్నారు. ఆ రకం ఇప్పుడు లేదని, ఉన్నా ఇంత సున్నం ఉన్న నాళంలో వేయనని చెప్పాను. ఎందుకని అడిగారు. మొదటిసారి సున్నం పావు చుట్టే ఉంది, దాన్ని సరిచేయడానికే ఎంత కష్టపడ్డామో చెప్పాను. ముందుగా ఓసీటీతో కొలిచి, సున్నాన్ని పగలగొట్టి, సన్నని పుల్లలున్న మందు పూత లోహపు స్టెంటు వేశాను, చివర మళ్ళీ ఓసీటీతో చూసుకున్నాను.

ఇప్పుడు ఆయన కుడి నాళంలో లోహం ఉంది, ఎల్ఏడీలో రెండు జతల ప్లాటినం చుక్కలు తప్ప ఏమీ లేవు. ఎప్పుడైనా బైపాస్ అవసరమైతే సర్జన్ కుట్టు వేయడానికి ఆ చోటు ఖాళీగా ఉంది. ఆరు నెలలకోసారి వస్తారు, వచ్చినప్పుడల్లా కొత్త రకం వచ్చిందా అని అడుగుతారు, వచ్చినంతవరకు చెబుతాను.